జప్పా ఆల్బమ్‌లలో బాగా తేలిపోయినవి ఏవి?

బెంజిసర్కిల్_బేస్ | శుక్రవారం రాత్రి 9.15

అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా మాట ఎత్తితే చాలు, ఇక్కడ చర్చంతా ‘హాట్ ర్యాట్స్’, ‘వన్ సైజ్ ఫిట్స్ ఆల్’, ‘జోస్ గరాజ్’ చుట్టూనే తిరుగుతుంది. ఆ లిస్టు అందరికీ కంఠతా వచ్చేసింది. ఈసారి రెండో వైపు చూద్దాం. 1966లో ‘ఫ్రీక్ అవుట్!’ మొదలుకొని 1993 డిసెంబరు 4న కన్నుమూసేదాకా ఆయన పేరు మీద 62 ఆల్బమ్‌లు వచ్చాయి. రాక్ బ్యాండు, జాజ్, ఆర్కెస్ట్రా, కంప్యూటరు సంగీతం, నాటకం అన్నీ అందులోనే. అంత రాసి పోసిన మనిషి దగ్గర తాలు లేకుండా ఉండదు. ఏవి తేలిపోయాయి, ఎందుకు తేలిపోయాయి?

రెండే షరతులు. ఆయన పోయాక కుటుంబం విడుదల చేసినవి లెక్కలోకి రావు. వాటితో కలిపితే వంద దాటిపోతాయి, ఏది ఆయన నిర్ణయమో ఏది కాదో తేలదు. రెండోది, ఆల్బమ్ మొత్తం విని రాయండి. "బోర్ కొట్టింది" అని ఒక్క ముక్క రాసి వెళ్లిపోతే చర్చ ముందుకు పోదు.

నా ఓటు ‘థింగ్-ఫిష్’కి. 1984, మూడు ఎల్పీల పెట్టె. బ్రాడ్వే నాటకంగా వేద్దామని రాసుకున్నాడు, వేదిక దొరకలేదు, రికార్డుగా వచ్చింది. కథ సంగతి తర్వాత. బేస్ వాయించేవాడిగా నా బాధ ఒకటే: సగం పాటలకు కింద ఉన్న బ్యాకింగ్ ట్రాక్ పాతదే. ‘యు ఆర్ వాట్ యు ఈజ్’ నుంచి టైటిల్ పాట, ‘మడ్ క్లబ్’, ‘ద మీక్ షల్ ఇన్‌హెరిట్ నథింగ్’ ఎత్తి తెచ్చి పైన గాయకుడు ఐక్ విల్లిస్ చేత మాటలు చెప్పించాడు. ‘టిన్సెల్ టౌన్ రెబెలియన్’లోని ‘ద బ్లూ లైట్’ ఇక్కడ వేరే పేరుతో కూర్చుంది. ‘జూట్ అల్యూర్స్’లోని రెండు పాటలదీ అదే గతి. ఆల్బమ్ కొన్నవాడు పాత పాట వింటున్నాడు, దాన్ని కూడా సరిగ్గా విననివ్వకుండా పైన ఒక మనిషి ఆపకుండా మాట్లాడుతున్నాడు. జప్పా అంటే నాకు కోతలో మొనగాడు. ‘లంపీ గ్రేవీ’లో, ‘వి ఆర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ద మనీ’లో టేపును బ్లేడుతో ముక్కలు చేసి అతికించిన తీరు చూడండి, ఒక్క సెకను కూడా ఊరికే పోదు. అదే మనిషి గంటన్నర ఆల్బమ్‌లో కత్తెర పక్కన పెట్టేశాడు. అది నేను క్షమించలేను.

---

మిర్చియార్డు | శుక్రవారం రాత్రి 9.32

‘ఫ్రాన్సెస్కో జప్పా’. ఇంకో మాట లేదన్నా. అదీ 1984దే. పద్దెనిమిదో శతాబ్దంలో అదే ఇంటిపేరుతో ఇటలీలో ఒక సెల్లో విద్వాంసుడు ఉన్నాడని తెలిసింది, ఆయన స్కోర్లు లైబ్రరీ నుంచి తెప్పించాడు, సింక్లావియర్ అనే కంప్యూటర్ వాద్యంలోకి ఎక్కించాడు, రికార్డు వేశాడు. మామూలు మినుయెట్లు, అంటే పాతకాలం యూరప్ డాన్సు ముక్కలు. పాత వీడియో గేమ్‌లో లెవెల్ మారినప్పుడు వచ్చే మ్యూజిక్‌లా ఉంది. ఇందులో ఫ్రాంక్ ఎక్కడున్నాడు?

---

బ్రాడీపేట_మాస్టారు | శుక్రవారం రాత్రి 10.20

బేస్ బాబూ, నీ లెక్క సగం సరైనదే. పాత ట్రాకుల మీద మాటలు పెట్టడం నేరమని నేను అనను. మనిషి మాట్లాడుతుంటే వెనక వాద్యం నడవడం గుంటూరు జిల్లా వాళ్లకు కొత్త కాదు. షేక్ నాజర్ గారు మా పొన్నెకల్లు మనిషే. బుర్రకథలో ఆయన ఎంతసేపు మాట్లాడినా జనం కదిలేవారు కాదు. ఎందుకంటే పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. హాస్యం చెప్పే వంత కథకుణ్ణి ఆటపట్టిస్తాడు. రాజకీయం చెప్పే వంత పల్నాటి యుద్ధం మధ్యలో మొన్నటి పంచాయతీ ఎన్నికను లాక్కొస్తాడు. కథకుడు చెప్పిందానికి వాళ్లు "అయితే ఏమైంది?" అని ఎదురు అడుగుతారు, జనం తరఫున అడుగుతారు. అందుకే తెల్లవార్లూ నిలబడుతుంది.

‘థింగ్-ఫిష్’లో ఆ పక్క మనిషి లేడు. హ్యారీ, రోండా అని ఇద్దరు ప్రేక్షకులను కథలోకి లాగాడు కానీ వాళ్ల పని తిట్లు తినడం వరకే. కథకుణ్ణి నిలదీసేవాడు ఒక్కడూ లేడు. నాటకం అక్కడ చచ్చింది. పాత ట్రాకుల వల్ల చావలేదు.

నా ఓటు మాత్రం దానికి కాదు. ‘బ్రాడ్వే ద హార్డ్ వే’, 1988. ఆ ఏడాది టూరు కోసం పన్నెండు మందితో, అందులో ఐదుగురు ఊదే వాద్యాల వాళ్లతో, జప్పా కట్టిన బ్యాండు ఆయన జీవితంలోనే పెద్ద బ్యాండుల్లో ఒకటి. లోపల గొడవలు ముదిరి టూరు మధ్యలోనే ఆగిపోయింది. అటువంటి బ్యాండు చేతిలో ఉండగా ఆ రికార్డులో వాయించింది ఏమిటి? ఆ సంవత్సరపు అమెరికా ఎన్నికలు, టీవీ పాస్టర్ల కుంభకోణాలు, నిక్సన్, జెస్సీ జాక్సన్. ఆ రోజున అక్కడి జనం ఊగిపోయి ఉంటారు. నేటికి అవి పాత దినపత్రిక. అదే టూరు టేపుల నుంచి 1991లో ‘మేక్ ఎ జాజ్ నాయిస్ హియర్’ తీశాడు. రెండూ పక్కపక్కన వినండి. ఒకే బ్యాండు, ఒకే వేదికలు. ఒకటి బతికుంది, రెండోది ఆ ఏడాదితోనే పోయింది.

---

కృష్ణలంక_వీణ | శుక్రవారం రాత్రి 11.05

మాస్టారూ, మీరు చెప్పిన పద్ధతిలోనే నేను ఇంకా వెనక్కి వెళ్తాను. ‘ఫిల్మోర్ ఈస్ట్ జూన్ 1971’.

టర్టిల్స్ బ్యాండు నుంచి వచ్చిన మార్క్ వోల్మన్, హోవార్డ్ కేలన్ అప్పుడు పాడేవాళ్లు. వాళ్ల గొంతులు అద్భుతం. ఇద్దరూ కలిసి ఎత్తుకుంటే శ్రుతి ఒక్క ఇసుమంత పక్కకు పోదు. ఇయాన్ అండర్‌వుడ్ కీబోర్డు, ఐన్స్‌లీ డన్‌బార్ డ్రమ్స్. ఆ బలగాన్ని పెట్టుకుని రికార్డులో సగభాగం దేనికి ఖర్చు పెట్టారు? రాక్ స్టార్లు, వాళ్ల వెంట హోటల్‌కు వచ్చే ఆడపిల్లలు, ఆ పిల్లల మీద వేళాకోళం. "అది రోడ్డు మీద బ్యాండు జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపడం" అని ఫ్యాన్స్ సమర్థిస్తారు. ఉన్నదున్నట్టు చూపితే అందులో ఆ అమ్మాయి ఏమనుకుందో ఒక్క లైనైనా ఉండాలి కదా. ఉండదు. ఆవిడ వంతు కూడా మగవాళ్లే గొంతు మార్చి చెబుతారు.

నేను వీణ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చే పెద్ద పిల్లలకు ‘పీచెస్ ఎన్ రిగేలియా’ వినిపిస్తాను. ‘బ్లాక్ నాప్‌కిన్స్’, ‘వాటర్‌మెలన్ ఇన్ ఈస్టర్ హే’ వినిపిస్తాను. గిటారు తీగ మీద స్వరాన్ని పట్టి, ఊపి, అక్కడే నిలబెట్టే ఆ పద్ధతి మా వాద్యానికి చాలా దగ్గర. అలా వినిపించిన మనిషి పేరు మీదే ఇది కూడా ఉంది. పిల్లలు ఇంటికెళ్లి ఫోన్‌లో వెతికితే ముందు ఏది తగులుతుందో అని నాకు ప్రతిసారీ టెన్షనే.

---

బెంజిసర్కిల్_బేస్ | శుక్రవారం రాత్రి 11.20

వీణ గారూ, ఆ ఆల్బమ్ మొదలయ్యేదే ‘లిటిల్ హౌస్ ఐ యూజ్డ్ టు లివ్ ఇన్’తో. చివరి వైపు ‘పీచెస్’ లైవ్ ఉంది. ‘విల్లీ ద పింప్’ ఉంది. వాటిని లెక్కలోకి తీసుకుంటే ఇది అట్టడుగుకు పోదని నా వాదన.

---

కృష్ణలంక_వీణ | శుక్రవారం రాత్రి 11.28

తీసుకునే చెబుతున్నానండి. మంచి వాయిద్యం ఉంది కాబట్టే కోపం. చేతకానివాళ్లు చేసిన చెత్తను ఎవరూ పట్టించుకోరు.

---

ఏలూరురోడ్_మిక్సింగ్ | శనివారం ఉదయం 7.50

పొద్దున్నే ఇది చదివి ఆగలేకపోతున్నాను. ఎవరూ ఎత్తని ఒకటి చెబుతాను. ‘క్రూజింగ్ విత్ రూబెన్ అండ్ ద జెట్స్’, అయితే 1968 నాటి ఎల్పీ కాదు, 80లలో వచ్చిన రీమిక్స్.

తెలియనివాళ్ల కోసం: ఇది జప్పా చిన్నప్పటి డూ-వాప్ పాటలకు కట్టిన ఆల్బమ్. నలుగురు కుర్రాళ్లు వీధి చివర నిలబడి ఒకరి గొంతు కింద ఒకరు గొంతు కలిపి పాడుకునే బాణీ. చాలామంది ఇది కేవలం వెక్కిరింత అనుకుంటారు. శ్రద్ధగా వినండి, ఆ గొంతుల్లో ప్రేమ ఉంది. 80లలో పాత టేపులను సీడీ కోసం తయారు చేసేటప్పుడు జప్పా అందులోని అసలు బేస్, డ్రమ్స్ తీసేసి ఆర్థర్ బారో చేత బేస్, చాడ్ వాకర్‌మన్ చేత డ్రమ్స్ కొత్తగా వాయించి పెట్టించాడు. ‘వి ఆర్ ఓన్లీ ఇన్ ఇట్ ఫర్ ద మనీ’కీ అదే చేశాడు.

నా స్టూడియోలో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పాత మిక్స్‌లో డ్రమ్స్ గదికి అవతలి గోడ దగ్గర ఉన్నట్టుంటాయి. గొంతులు మైకు మీదికి వంగి ఉంటాయి. మధ్యలో ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలోనే ఆ పాట ఉంది. కొత్త మిక్స్‌లో స్నేర్ దెబ్బ పడగానే వెనక నుంచి 1985 నాటి రివర్బ్, అంటే కృత్రిమ ప్రతిధ్వని లేచి గొంతులను పక్కకు తోసేస్తుంది. బేస్ ప్రతి నోటూ స్పష్టం, నున్నగా, చాకచక్యంగా ఉంది. బారో వాయిద్యంలో ఒక్క తప్పు పట్టలేం. కానీ 1968లో పాడిన గొంతుకు ఆ బేస్ ఎవరో తెలియదు. వాళ్లిద్దరూ ఒకే గదిలో ఎప్పుడూ నిలబడలేదు, అది చెవికి తెలిసిపోతుంది.

మంచి ఆల్బమ్‌ను దాన్ని చేసిన మనిషే చేతులారా పాడు చేసుకోవడం నా లెక్కలో అన్నిటికంటే పెద్ద లోపం. ‘మనీ’ అసలు మిక్స్ 1995లో తిరిగి సీడీగా వచ్చింది. ‘రూబెన్’ పాత మిక్స్ కోసం 2010లో ‘గ్రీజీ లవ్ సాంగ్స్’ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ‘స్లీప్ డర్ట్’ కూడా ఇలాగే దెబ్బతింది. 1979లో వాద్య సంగీతంగా వచ్చిన రికార్డుకు 1991 సీడీలో మూడు పాటల మీద గానం అతికించారు. 2012లో మళ్లీ అసలు రూపానికి తెచ్చారు. అంటే ఎవరికో అర్థమైంది.

---

సత్యనారాయణపురం_మృదంగం | శనివారం ఉదయం 8.40

మిక్సింగ్ అన్నా, ఒక సందేహం. రీమిక్స్‌ను వేరే ఆల్బమ్‌గా లెక్కపెడతామా? బేస్ అన్న షరతుల్లో ఆ సంగతి లేదు.

---

ఏలూరురోడ్_మిక్సింగ్ | శనివారం ఉదయం 8.52

ఆయన బతికుండగా ఆయన చేత్తో చేసింది. ఏళ్ల తరబడి సీడీ కొన్నవాళ్లకు అదే దొరికింది. మా తరానికి ‘రూబెన్’ అంటే అదే. కాబట్టి లెక్కే.

---

సత్యనారాయణపురం_మృదంగం | శనివారం ఉదయం 9.30

సరే. నేను ఓటు వేయడానికి రాలేదు, ఒకదాన్ని కాపాడటానికి వచ్చాను. ఇంకాసేపట్లో ఎవరో ఒకరు ‘ద మ్యాన్ ఫ్రమ్ యుటోపియా’ (1983) పేరు ఎత్తుతారు. ప్రతి చెత్త లిస్టులోనూ అది ఉంటుంది. అందులో పాట కాని పాటలున్నాయి, ‘ద డేంజరస్ కిచెన్’, ‘ద జాజ్ డిశ్చార్జ్ పార్టీ హ్యాట్స్’. జప్పా వంటింట్లో పాడైపోయిన సామాను గురించి సాగదీస్తూ, ఎగదీస్తూ మాట్లాడుకుంటూ పోతాడు. చాలామంది ఆ మాట విని ఆపేస్తారు.

ఆ మాట వెనక గిటారు వినండి. గిటారిస్టు స్టీవ్ వై ఆ మాటలను, అంటే ప్రతి అక్షరం ఎత్తును, పొడుగును, మధ్యలో ఆయన గుటక వేసిన విరామాన్ని సైతం స్వరాలుగా రాసుకుని, నేర్చుకుని, మాట పక్కనే అచ్చంగా వాయించాడు. తాళానికి దొరకని మాట నడకను అంత పట్టుగా పట్టుకోవడం మామూలు పని కాదు. కచేరీలో గాయకుడు రాగం ఆలపిస్తుంటే వయొలిన్ ఒక క్షణం వెనకగా నీడలా వస్తుంది, అది మనకు తెలుసు. ఇక్కడ నీడ వెనక రాదు, మనిషితో కలిసే నడుస్తుంది. వై తన పద్దెనిమిదో ఏటి నుంచే జప్పాకు సంగీతం రాసిపెట్టే ఉద్యోగం చేశాడు. ఆ పనికి పరాకాష్ఠ ఈ రెండు ట్రాకులు. మళ్లీ ‘టింక్ వాక్స్ అమక్’ ఉంది. బేస్ అన్నా, బారో బేస్ మీదే నిలబడ్డ ఆ ట్రాకును మీరు ఎలా కాదంటారు?

‘జోస్ గరాజ్’లో ‘కీప్ ఇట్ గ్రీసీ’ నడక 19 మాత్రలు, తర్వాత 21. దానికి అందరూ చప్పట్లు కొడతారు. మాటల నడకను పట్టుకోవడం దానికన్నా కష్టమని నా నమ్మకం.

---

బెంజిసర్కిల్_బేస్ | శనివారం ఉదయం 10.05

‘టింక్’ను నేను కాదనను బ్రదర్, ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు వేళ్లు వేడెక్కడానికి అదే వాయిస్తాను. కానీ కష్టంగా ఉండటం, బాగుండటం రెండు వేరు. వై పని గొప్పది. దాని కింద జప్పా పెట్టిన సరుకు మురిగిన కూరగాయల జాబితా. ఒక్కసారి ఆశ్చర్యపోతాం, రెండోసారి వినడానికి మనసు రాదు. మిగతా ఆల్బమ్‌లో ‘వి ఆర్ నాట్ అలోన్’, ‘మోజియో’ లాంటి చక్కటి వాద్య ముక్కలున్నాయి కాబట్టి బతికింది.

---

మిర్చియార్డు | శనివారం ఉదయం 11.15

నా ‘ఫ్రాన్సెస్కో’ మీద ఎవరూ మాట్లాడరేంటి. దానికి సమర్థించేవాళ్లు కూడా లేరంటే చివరి స్థానం దానిదేనని తేల్చేయొచ్చు కదా.

---

కృష్ణలంక_వీణ | శనివారం మధ్యాహ్నం 12.10

తమ్ముడూ, నేను సమర్థిస్తాను. నాకు అది నచ్చదు, అయినా దాన్ని చివర పెట్టడం న్యాయం కాదు.

జప్పా సింక్లావియర్ కొన్నది ఎందుకు? మనుషులు తన స్వరాలను సరిగ్గా వాయించడం లేదన్న బాధతో. 1983 జనవరిలో సొంత డబ్బు పెట్టి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేయించాడు. కెంట్ నగానో కండక్టరు. ‘స్ట్రిక్ట్‌లీ జెంటీల్’ రికార్డింగు రోజు విరామంలో ట్రంపెట్ వాళ్లు ఎదుటి పబ్బుకు వెళ్లి ఆలస్యంగా తాగి వచ్చారని జప్పాయే రాసుకున్నాడు. ఆ అపస్వరాలను దాచడానికి టేపును అతుకుల బొంత చేయాల్సి వచ్చింది. సొంత ఇల్లు కట్టించుకునేవాడికి మేస్త్రీ పోటు పెట్టినట్టయింది ఆయన పని. అప్పుడు అలిగి, తాగని, అలసిపోని వాద్యగాడిని తెచ్చుకున్నాడు. ‘ఫ్రాన్సెస్కో’ ఆ యంత్రం మీద చేయి తిప్పుకోవడమే. సరళీ స్వరాలు సాధన చేయకుండా ఎవరూ వర్ణానికి పోరు. రెండేళ్లలో ‘జాజ్ ఫ్రమ్ హెల్’ (1986) వచ్చింది, దానికి గ్రామీ వచ్చింది.

చెప్పాల్సింది ఇంకోటుంది. అందులోని ‘జి-స్పాట్ టోర్నడో’ను మనుషులెవరూ వాయించలేరని జప్పా అనుకున్నాడు. 1992లో జర్మనీ నుంచి వచ్చిన ఆన్సాంబుల్ మోడర్న్ అనే బృందం దాన్ని వేదిక మీద వాయించి చూపించింది. ‘ద ఎల్లో షార్క్’లో చివర అదే. ఆ చప్పట్లు వినండి. యంత్రం నేర్పిన పాఠం మళ్లీ మనుషుల చేతికి వచ్చింది.

---

మిర్చియార్డు | శనివారం మధ్యాహ్నం 12.25

సాధన ఇంట్లో చేసుకోవాలి కదక్కా. సరళీ స్వరాలకు టికెట్టు పెట్టి కచేరీ చేయరుగా.

---

బ్రాడీపేట_మాస్టారు | శనివారం మధ్యాహ్నం 12.40

మిర్చి బాబు మాటలో పస ఉంది. అయితే అమ్మా, నువ్వు ఆ లండన్ సింఫనీ రికార్డును ఏ గంపలో వేస్తావు? మొదటి భాగం 1983, రెండోది 1987. నాకు రెండూ ఇష్టమే. అతుకులు ఎక్కడున్నాయో తెలిసినా ఇష్టమే.

---

కృష్ణలంక_వీణ | శనివారం మధ్యాహ్నం 12.55

మంచి గంపలోనే మాస్టారూ. సంగీతం గట్టిది. అదే ఏడాది తర్వాత ఫ్రెంచ్ కండక్టరు బూలేజ్ బృందం ‘ద పర్ఫెక్ట్ స్ట్రేంజర్’లో మూడు ముక్కలు వాయించింది, అది ఇంకా శుభ్రంగా ఉంటుంది. మిగతా నాలుగూ సింక్లావియరే. అవి మాత్రం ఆ పక్కన వెలవెలబోయాయి.

---

అరండల్‌పేట_కొత్త | శనివారం మధ్యాహ్నం 2.30

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ మూడో ఏడాది. ‘హాట్ ర్యాట్స్’ ఒక్కటే విన్నాను, పిచ్చెక్కిపోయింది. ఈ చర్చ చదివాక దేన్ని తర్వాత వినాలో కంటే దేన్ని ఇప్పుడే వినకూడదో తెలుసుకోవాలనిపిస్తోంది. ఇంకో ప్రశ్న: జప్పాకు మన కర్ణాటక సంగీతంతో సంబంధం ఉందా?

---

సత్యనారాయణపురం_మృదంగం | శనివారం సాయంత్రం 4.10

రెండో ప్రశ్నకు నేను చెబుతాను తమ్ముడూ. గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్‌తో ‘శక్తి’ బృందంలో వాయించిన వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ 1978లో జప్పాతో వేదిక మీద వాయించాడు. ఆ ఏడాది అక్టోబరు 31న న్యూయార్క్‌లో వాయించిన ‘థర్టీన్’ అనే ముక్క ‘యు కాంట్ డూ దట్ ఆన్ స్టేజ్ ఎనీమోర్’ ఆరో భాగంలో ఉంది. పేరుకు తగ్గట్టే ఆవర్తానికి 13. దాన్ని ఖండం ఒకటి, చతురశ్రాలు రెండు, అంటే 5, 4, 4గా చేతి మీద వేసుకుంటూ విను, దారి దొరుకుతుంది. 1979లో శంకర్ ఆల్బమ్ ‘టచ్ మీ దేర్’ను జప్పా ప్రొడ్యూస్ చేశాడు. అది జప్పా 62లో లేదు కాబట్టి ఇక్కడ చర్చకు రాదు. వస్తే నేను దాన్ని కూడా తేలిపోయినదనే అనేవాణ్ణి. శంకర్ వేళ్లలో ఉన్న శక్తిని పాప్ పాటల సందులో ఇరికించారు.

---

ఏలూరురోడ్_మిక్సింగ్ | శనివారం సాయంత్రం 4.45

మొదటి ప్రశ్నకు: ‘హాట్ ర్యాట్స్’ నచ్చినవాడు నేరుగా ‘వాకా/జవాకా’, ‘ద గ్రాండ్ వాజూ’ వైపు వెళ్లాలి. రెండూ 1972. 1971 డిసెంబరులో లండన్ రెయిన్‌బో థియేటర్లో ఒక ప్రేక్షకుడు తోసేస్తే జప్పా వేదిక మీద నుంచి కింద పడ్డాడు. గొంతు నలిగింది, కాలు విరిగింది. చక్రాల కుర్చీలో ఉన్న కాలంలో రాసి చేసిన సంగీతం అది. తర్వాత ‘రాక్సీ అండ్ ఎల్స్‌వేర్’. వీటన్నిటి తర్వాతే 80ల వైపు రా. ‘మదర్స్ ఆఫ్ ప్రివెన్షన్’ (1985) ఇప్పుడే వద్దు. పాటల మీద హెచ్చరిక స్టిక్కర్లు వేయాలన్న సెనేట్ విచారణ నేపథ్యం చదువుకున్నాక అయితే ‘పోర్న్ వార్స్’ అనే పన్నెండు నిమిషాల ముక్క అర్థమవుతుంది. విచారణలో సెనేటర్లు మాట్లాడిన మాటల టేపులను కోసి, తిప్పి, పేర్చాడు. అది చదవకుండా వింటే తలనొప్పి.

---

బ్రాడీపేట_మాస్టారు | శనివారం సాయంత్రం 5.30

అది మంచి సలహా. కానీ ‘మదర్స్ ఆఫ్ ప్రివెన్షన్’ యూరప్ ఎల్పీలో ‘పోర్న్ వార్స్’ లేనే లేదు, బదులుగా వేరే మూడు ముక్కలు వేశారు. అమెరికా రాజకీయం అక్కడివాళ్లకు ఎక్కదని ఆయనకే తెలుసు. 1985లో తెలిసిన ఆ సంగతి 1988లో ఎందుకు మరిచాడనేదే నా ఫిర్యాదు.

---

నిర్వాహకుడు | శనివారం సాయంత్రం 6.00

వేరే చర్చలో ఒకరు "పాటలు అర్థం కాని ఆంధ్రా వాళ్లకు జప్పా ఎందుకు" అని రాశారు. దాన్ని తొలగించాను. అలాంటిది ఇక్కడా పెడితే ఉండదు. ఆల్బమ్‌ను ఎంతైనా తిట్టండి, వినేవాళ్లను తిట్టొద్దు.

---

కృష్ణలంక_వీణ | శనివారం సాయంత్రం 6.25

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనే ఉంది. మాటలు పూర్తిగా అందకపోవడం వల్ల మనం వినేది వేరేగా ఉంటుంది, నిజమే. అమెరికా వాళ్లు నవ్వి దాటేసే చోట మనం బాణీ దగ్గర ఆగుతాం. వాళ్ల మంచి లిస్టులో పైన ఉండే ‘షేక్ యర్బూటీ’ నా లిస్టులో మధ్యకు వస్తుంది, వాళ్లు పట్టించుకోని ‘ఆర్కెస్ట్రల్ ఫేవరెట్స్’ పైకి పోతుంది. ఇది లోటు కాదండి. వేరే కిటికీలోంచి చూడటం.

---

బెంజిసర్కిల్_బేస్ | శనివారం రాత్రి 9.40

పొద్దుటి నుంచి చదువుతూనే ఉన్నాను. నాకు ఒకటి తడుతోంది. 1984లో నాలుగు ఆల్బమ్‌లు వచ్చాయి. ఆగస్టులో ‘ద పర్ఫెక్ట్ స్ట్రేంజర్’, ఆ తర్వాత వరసగా ‘దెమ్ ఆర్ అస్’, ‘థింగ్-ఫిష్’, ‘ఫ్రాన్సెస్కో’. ఇక్కడ గొడవ పడుతున్నవాటిలో రెండు ఆ ఏడాదివే. ఇంట్లోనే స్టూడియో ఉంది, సొంత లేబుల్ ఉంది, ఆపమనేవాడు లేడు. పాతరోజుల్లో కంపెనీవాళ్లతో కోర్టుకెక్కి నలిగినవాడికి ఆ స్వేచ్ఛ ఎంత అవసరమో తెలుసు. కానీ మాస్టారు చెప్పిన వంత ఆ స్టూడియోలోనూ లేడు. "ఇది తీసేద్దాం ఫ్రాంక్" అనేవాడు.

నేనైతే ‘థింగ్-ఫిష్’ను ఒక్క ఎల్పీకి కుదించేవాణ్ణి. జానీ ‘గిటార్’ వాట్సన్ పాడిన ‘బ్రౌన్ మోజెస్’ ముందు ఉంచుతాను. ఆ గొంతు వినగానే ఆల్బమ్ ఎక్కడికి పోవాల్సిందో తెలుస్తుంది. పాత ట్రాకుల మీద మాటలు అతికించినవన్నీ తీసేస్తాను. ‘వాన్ టాన్ ఆన్’ కూడా పోతుంది, పాత పాటను వెనక్కి తిప్పి వేయడం అవసరం లేదు.

---

ఏలూరురోడ్_మిక్సింగ్ | శనివారం రాత్రి 9.58

‘వాన్ టాన్ ఆన్’ తీయడానికి ఒప్పుకోను. వెనక్కి తిప్పిన టేపు మీద మళ్లీ ముందుకు గొంతులు పెట్టాడు, ఆ పెట్టెలో నీకిష్టమైన కోత పని కనిపించేది అక్కడే. తీయాలంటే ముందు హ్యారీ మాట్లాడేవన్నీ తీసెయ్.

---

బ్రాడీపేట_మాస్టారు | శనివారం రాత్రి 10.15

హ్యారీని తీస్తే నాటకమే ఉండదు బాబూ. రేపు పొద్దున కూర్చుని నా లిస్టు కూడా పెడతాను, ఒక్కో వైపుకు ఇరవై నిమిషాలు దాటకుండా.